ఇనుము మింగే క్రాఫ్టర్: మా ఇంటి మైన్‌క్రాఫ్ట్ సర్వర్‌లో సమస్యలు, పరిష్కారాలు

రాత్రి తొమ్మిది దాటాక ఫోన్ మోగిందంటే గుంటూరు నుంచి మేనల్లుడే. "మావయ్యా, నా ఐరన్ మొత్తం మింగేసింది. గేమ్‌లో గ్లిచ్ ఉంది, చూడు" అంటాడు. విజయవాడ పటమటలో మా ఇంటి హాల్లో ఒక మూల పాత డెస్క్‌టాప్ ఉంది. దాని మీద మైన్‌క్రాఫ్ట్ అనే దిమ్మలతో కట్టుకునే ఆటకి జావా సర్వర్ నడుపుతున్నాను. జావా అంటే కంప్యూటర్‌లో ఆడే రకం, ఫోన్లలో ఉండేది బెడ్‌రాక్. ఆడేది అంతా మా వాళ్ళే. ఇక్కడ నలుగురు, గుంటూరులో ఇద్దరు. ఆరుగురికే ఇన్ని ఫిర్యాదులైతే, వేలమందితో సర్వర్లు నడిపేవాళ్ళు నిద్ర ఎప్పుడు పోతారో!

2024 జూన్ 13న 1.21 అప్‌డేట్ వచ్చింది. దాంతో పాటే క్రాఫ్టర్ అనే దిమ్మ వచ్చింది. అంతకుముందు ఏది తయారు చేయాలన్నా మనమే క్రాఫ్టింగ్ బల్ల ముందు నిలబడి సామాను పేర్చాలి. ఇప్పుడు ఆ పని క్రాఫ్టర్ చేస్తుంది. దాన్ని చేయడానికి ఐదు ఇనుప కడ్డీలు, ఒక క్రాఫ్టింగ్ బల్ల, ఒక డ్రాపర్ (సరుకు బయటికి వేసే దిమ్మ), రెండు చిటికెల రెడ్‌స్టోన్ పొడి (గేమ్‌లో కరెంటు మోసేది) చాలు. పైవరసలో మూడు కడ్డీలు, మధ్య వరసలో బల్లకి అటొకటి ఇటొకటి, కింద డ్రాపర్‌కి రెండు పక్కలా పొడి. పిల్లలకి ఇది దొరికిన రోజు నుంచే నాకు ఫోన్లు మొదలయ్యాయి.

ఎవరు ఫోన్ చేసినా నేను ముందు అడిగేది ఒకటే. "నీకొక్కడికేనా, అందరికీనా? దగ్గరుండగా జరిగిందా, దూరంగా వెళ్ళినప్పుడా?" ఆ జవాబుతోనే సగం సంగతి తేలిపోతుంది.

క్రాఫ్టర్ ఒక్కసారి చేసి ఆగిపోయింది

అన్నిటికంటే ఎక్కువగా వచ్చే ఫిర్యాదు ఇదే. లివర్ పైకెత్తారు, ఒక ఇనుప దిమ్మ బయటపడింది, తర్వాత ఉలుకూ పలుకూ లేదు. గ్లిచ్ కాదు. క్రాఫ్టర్ ఆటోనగర్ షెడ్డులో పనికి కుదిరిన కుర్రాడిలాంటిది. ఈల వేస్తే ఒక పని చేస్తాడు. ఆపకుండా ఈల ఊదుతూ కూర్చుంటే రెండో పని చేయడు, ఆపి మళ్ళీ ఊదాలి. రెడ్‌స్టోన్ కరెంటు లేని స్థితి నుంచి వచ్చిన క్షణంలోనే అది పని చేస్తుంది. కరెంటు అలాగే నిలిచి ఉంటే పట్టించుకోదు.

కాబట్టి లివర్ బదులు బటన్ పెట్టండి. ఒక నొక్కుకి ఒక వస్తువు. మీ చేయి నొప్పి పుడుతుందనుకుంటే ఆగుతూ ఆగుతూ కరెంటు పంపే క్లాక్ సర్క్యూట్ కట్టుకోండి.

నొక్కినప్పుడు టిక్కుమని శబ్దం వచ్చి ఏమీ బయటకు రాకపోతే అది వేరే సంగతి. లోపల పేర్చింది ఏ వంటకానికీ, అంటే గేమ్‌లోని ఏ తయారీ పద్ధతికీ, సరిపోలేదని అర్థం. ఇనుప గునపం (పికాక్స్) అయితే లోపలి తొమ్మిది గళ్ళలో పైవరసలో మూడు కడ్డీలు, మధ్య నిలువులో రెండు కర్రలు ఉండాలి. మిగతా నాలుగు గళ్ళలో పొరపాటున ఒక్క కడ్డీ పడినా వంట చెడుతుంది. ఖాళీగా ఉండాల్సిన గడి మీద నొక్కితే అది మూసుకుపోతుంది, ఇక అందులోకి ఏదీ పోదు. ఈ నాలుగు మూయడం మర్చిపోయే మావాడు మూడు రోజులు గేమ్‌ని తిట్టుకున్నాడు.

క్రాఫ్టర్ ఇనుము మింగేస్తోంది, గునపం మాత్రం రావట్లేదు

మేనల్లుడి కేసు ఇది. వాడు క్రాఫ్టర్‌ని నేల వైపు తిప్పి, కింద హాపర్ (సరుకుని లాగి ముందుకి తోసే గరాటు దిమ్మ) పెట్టాడు. తయారైన గునపం హాపర్‌లో పడి పెట్టెలోకి వెళ్తుందని వాడి లెక్క. లెక్క సగమే కరెక్టు. హాపర్ తన పైన ఏ పెట్టె ఉన్నా అందులోంచి లాగేస్తుంది. క్రాఫ్టర్ కూడా దానికి పెట్టె లాంటిదే. అందుకని వంటకి పేర్చిన కడ్డీలన్నీ ఒక్కొక్కటే కిందకి జారిపోయి పెట్టెలో చేరాయి. ఇనుము ఎక్కడికీ పోలేదు, వాడు పెట్టె తెరిచి చూడలేదు, అంతే.

హాపర్ తీసేసి క్రాఫ్టర్ మూతి ఎదురుగా నేరుగా పెట్టె పెట్టండి. లేదా క్రాఫ్టర్‌ని పక్కకి తిప్పి, దాని మూతి ముందు హాపర్ పెట్టండి. క్రాఫ్టర్ కింద మాత్రం హాపర్ ఉండకూడదు. క్రాఫ్టర్ పెట్టేటప్పుడు దాని మూతి మీ వైపు తిరుగుతుందని గుర్తుంచుకోండి. దీన్ని చూసుకోకుండా చాలామంది పెట్టెని వెనకాల పెడతారు. అప్పుడు సరుకు నేల మీద పడుతుంది. నేల మీద పడింది ఐదు నిమిషాలకి మాయమైపోతుంది.

ఒకే సరుకు అన్ని గళ్ళూ నింపేసింది

ఇది కొంచెం లోతైన విషయం, నిదానంగా చూద్దాం. హాపర్ నుంచి వచ్చే సరుకు ముందు ఖాళీ గడి వెతుక్కుంటుంది. ఖాళీ లేకపోతే అదే సరుకు ఉన్న గళ్ళలో తక్కువ ఉన్నచోటికి చేరుతుంది. ఏ గడిలో ఏది ఉండాలో హాపర్‌కి తెలియదు. ఇనుము, కర్ర కలిపి ఒకే హాపర్‌లో పోస్తే ముందు వచ్చింది అన్ని గళ్ళూ ఆక్రమిస్తుంది. గుంటూరు మిర్చి యార్డులో తేజా, 334 రకాలు రెండూ ఒకే టిక్కీలో పోసి, తూకం దగ్గర అవే విడిపోతాయని చూసినట్టు ఉంటుంది వ్యవహారం.

రెండు హాపర్లు పెట్టినా ఇది తప్పదు, ఏ వైపు నుంచి వచ్చినా గడి ఎంపిక ఒకటే పద్ధతి. మందు ఏమిటంటే, మొదట చేత్తో మీరే పేర్చాలి. ప్రతి గడిలో దాని సరుకు ఒక ఐదారు చొప్పున వేయండి. అక్కర్లేని గళ్ళు మూసేయండి. ఇప్పుడు ఖాళీ గడి ఒక్కటీ లేదు కాబట్టి ఇనుము ఇనుములోకి, కర్ర కర్రలోకి పోతాయి. రెండిటికీ వేరువేరు హాపర్లు పెట్టండి.

ఏ గడీ పూర్తిగా ఖాళీ కాకూడదు, అదొక్కటే షరతు. హాపర్ సెకనుకి రెండున్నర వస్తువులే తోస్తుంది. గునపానికి మూడు కడ్డీలు కావాలి, అంటే ఇంచుమించు 1.2 సెకన్లు. మీ క్లాక్ అంతకంటే వేగంగా కొడితే గళ్ళు ఖాళీ అయి మళ్ళీ మొదటికొస్తుంది. రెండు సెకన్లకి ఒకసారి కొట్టేలా పెట్టుకుంటే దిగులుండదు. ఇనుము పెట్టె అయిపోవచ్చినప్పుడు మాత్రం క్లాక్ ఆపాలి. మావాళ్ళలో ఒక్కరూ ఆపరు.

ఒకే సరుకుతో అయ్యే వంటలకి ఈ గొడవ లేదు. తొమ్మిది కడ్డీలు పెడితే ఒక ఇనుప దిమ్మ. వీటికి క్లాక్ కూడా అక్కర్లేదు, క్రాఫ్టర్ పక్కన కంపారేటర్ పెడితే సరి. ఎన్ని గళ్ళు నిండితే అంత బలంతో అది సంకేతం ఇస్తుంది, మూసిన గళ్ళని కూడా నిండినట్టే లెక్కేస్తుంది. తొమ్మిదీ నిండితే బలం తొమ్మిది. కంపారేటర్ ముందు తొమ్మిది గళ్ళ పొడవున రెడ్‌స్టోన్ గీత గీస్తే, బలం తొమ్మిది ఉన్నప్పుడే కరెంటు చివరి గడి దాకా చేరుతుంది. ఎనిమిదైతే ఒక గడి ముందే ఆరిపోతుంది. ఆ చివరి గడి నుంచి క్రాఫ్టర్‌కి కలపండి.

ఇదంతా సరిగ్గా కట్టి కూడా మా పెద్దక్క కూతురు ఒకసారి ఇరుక్కుంది. తొందరపడి చేత్తో అన్ని గళ్ళలోనూ 64 చొప్పున కుక్కింది. దాంతో బలం ఎప్పుడూ తొమ్మిదే, కరెంటు ఎప్పుడూ ఉంటుంది, ఈల ఆగదు. పైన చెప్పిన కుర్రాడి కథే. అన్నీ బయటికి తీసి హాపర్‌కి వదిలేస్తే దానంతటదే నడిచింది.

డ్రాపర్ పనిచేసిన చోట క్రాఫ్టర్ పనిచేయట్లేదు

జావాలో డ్రాపర్‌కి, పిస్టన్‌కి (ఎదుటి దిమ్మని నెట్టేది) ఒక వింత అలవాటుంది. తమ పైగడికి కరెంటు వచ్చినా తమకే వచ్చినట్టు స్పందిస్తాయి. క్రాఫ్టర్‌కి ఆ అలవాటు లేదు. పాత డిజైన్‌లో డ్రాపర్ పీకి క్రాఫ్టర్ పెడితే మూగగా ఉండిపోయేది అందుకే. వైరింగ్‌ని నేరుగా దానికి తగిలేలా మార్చండి.

కేక్ పెట్టెలో బకెట్లు

గేమే ఇస్తుంది. కేక్‌కి మూడు పాల బకెట్లు పడతాయి కదా, ఖాళీ అయిన ఆ మూడూ కేక్‌తో పాటే బయటికొస్తాయి. పడేయకండి, మళ్ళీ పాలు పితకాలి.

మేము వెళ్ళిపోగానే ఫ్యాక్టరీ ఆగిపోయింది

గేమ్ ప్రపంచం మొత్తం ఒకేసారి నడవదు. 16 గళ్ళ వెడల్పు, 16 గళ్ళ పొడవు ముక్కలుగా, అంటే చంకులుగా, ఆటగాళ్ళ చుట్టూ ఉన్నంత మేరే నడుస్తుంది. సర్వర్ సెట్టింగ్స్ ఫైల్లో సిమ్యులేషన్ డిస్టెన్స్ అని ఒక అంకె ఉంటుంది, మామూలుగా 10. ఫోన్లో బెడ్‌రాక్ ఆడేవాళ్ళు దీన్ని 4కి తగ్గించుకుంటే, 64 గళ్ళు దాటగానే వాళ్ళ ఫ్యాక్టరీ నిద్రపోతుంది.

"స్పాన్ (ఆటగాళ్ళు మొదట పుట్టే చోటు) దగ్గర కడితే ఎప్పుడూ నడుస్తుంది" అని చెప్పే పాత వీడియోలు చాలా ఉన్నాయి. ఆ సౌకర్యాన్ని ముందు 1.20.5లో కుదించారు, తర్వాత 1.21.9లో తీసేశారు. ఫ్యాక్టరీ దగ్గరే ఇల్లు కట్టుకోమని మావాళ్ళకి చెప్పాను. పంట చేల మధ్య ఇల్లు కట్టుకున్నట్టే.

చేసిన వస్తువు చేతిలోకి వచ్చి మాయమైంది, తవ్విన రాయి మళ్ళీ మొలిచింది

అసలు వింతలు ఇవే. నా ప్రశ్న ఇక్కడే ఎక్కువ పనికొస్తుంది. అందరికీ ఒకేసారి జరిగితే లోపం సర్వర్‌ది. ఒక్కడికే జరిగితే వాడి నెట్‌ది.

లెక్కలన్నీ సర్వర్ దగ్గరుంటాయి. మీ తెరమీద కనబడేది మీ కంప్యూటర్ ముందుగా వేసుకున్న అంచనా మాత్రమే. మీ నెట్ తడబడితే సర్వర్ "ఆ రాయి ఇంకా అక్కడే ఉంది" అంటుంది, మీ తెర తలవంచి దాన్ని మళ్ళీ గీస్తుంది. వస్తువు మాయమైతే ఇన్వెంటరీ (మీ సామాను జేబు) మూసి తెరవండి. చాలాసార్లు తిరిగి కనబడుతుంది. ఉన్నట్టు కనబడి చేయి పెట్టనివ్వని దొంగ దిమ్మ మీద కుడి బటన్ నొక్కండి. అయినా పోకపోతే బయటికెళ్ళి మళ్ళీ చేరండి. ఎఫ్3, ఎ కలిపి నొక్కమని ఎవరైనా చెబితే అది మీ తెరని మాత్రమే మళ్ళీ గీస్తుంది, సర్వర్‌ని ఏమీ అడగదు.

అపార్ట్‌మెంట్‌లో ప్రతి ఫ్లాట్‌కీ ఒక వైఫై, దాదాపు అన్నీ 2.4 గిగాహెర్ట్జ్ మీదే. సాయంత్రానికి బీసెంట్ రోడ్డు పండగ రద్దీలా ఉంటుంది. రౌటర్‌లో 5 గిగాహెర్ట్జ్ ఉంటే దానికి మారండి, కుదిరితే కేబుల్ లాగండి. మేనల్లుడి మాయలు సగం కేబుల్‌తోనే పోయాయి. మిగతా సగం వాడి తొందర.

అందరికీ ఒకేసారి కుదుపులు వస్తుంటే సర్వర్ చూడాలి. గేమ్ సెకనుకి 20 టిక్కులు కొట్టాలి, అంటే ఒక్కో టిక్కుకి 50 మిల్లీసెకన్లు. అంతకంటే ఎక్కువ పడితే పొద్దు కూడా నెమ్మదిగా వాలుతుంది. 1.20.3 నుంచి టిక్ క్వెరీ అనే కమాండ్ ఉంది, కొడితే ఒక్కో టిక్కుకి ఎంత పడుతుందో చెబుతుంది. మా దగ్గర ఒకసారి అంకె ఎగబాకితే వెతికాను. ఒకే గదిలో రెండు వందల కోళ్ళని పెంచుతున్నారు. కోళ్ళు తగ్గాక ఆట దారిలో పడింది.

కరెంటు పోయి వచ్చాక వజ్రాలు రెట్టింపయ్యాయి

ఈ ఫిర్యాదు ఎవరూ చేయరు, నేనే కనిపెట్టాలి. పెట్టెలోది ప్రపంచం ఫైల్లో, జేబులోది ఆటగాడి ఫైల్లో ఉంటుంది. రెండూ ఒకే క్షణంలో భద్రం కావు. పెట్టెలోంచి వజ్రాలు తీసిన మధ్యలో కరెంటు పోతే, తిరిగొచ్చాక రెండు చోట్లా ఉండొచ్చు, రెండు చోట్లా లేకపోనూ వచ్చు. మొదటిదైతే పిల్లలు గప్‌చుప్, రెండోదైతే ఏడుపు. సర్వర్ కంప్యూటర్‌ని ఇన్వర్టర్‌కో యూపీఎస్‌కో కలపండి. ఆపేటప్పుడు కన్సోల్‌లో స్టాప్ అని కొట్టి ఆపండి, స్విచ్ పీకొద్దు. ప్రపంచం ఫోల్డర్‌ని రోజూ ఒక కాపీ తీసి పెట్టుకోండి.

గద చేయడానికి వాల్ట్ తెరుచుకోవట్లేదు

గద అనే ఆయుధానికి బ్రీజ్ అనే శత్రువు దగ్గర దొరికే కర్ర మీద హెవీ కోర్ అనే దిమ్మ పెట్టాలి. ఆ కోర్ ఆమినస్ వాల్ట్ అనే తాళం పెట్టెలోనే దొరుకుతుంది, అదీ ప్రతిసారీ రాదు. ఒక్కో వాల్ట్ ఒక్కో ఆటగాడికి ఒక్కసారే తెరుచుకుంటుంది. మామూలు తాళంచెవితో ఆమినస్ వాల్ట్ కదలదు. మళ్ళీ కావాలంటే వేరే వాల్ట్ వెతుక్కోవడమే.

సర్వర్‌లో చేరనివ్వట్లేదు

వెర్షన్ తేడా అయితే తెరమీదే చెబుతుంది, ఇద్దరూ ఒకే వెర్షన్ పెట్టుకోండి. ఫోన్లో బెడ్‌రాక్ ఉన్నవాళ్ళు నేరుగా జావా సర్వర్‌లోకి రాలేరు, మధ్యలో గీజర్ అనే ప్లగిన్ కావాలి. సర్వరే లేవకుండా 65.0 అని ఒక ఎర్రర్ చూపిస్తే కంప్యూటర్‌లోని జావా సాఫ్ట్‌వేర్ పాతదని అర్థం. 1.20.5 నుంచి కనీసం జావా 21 ఉండాలి.

ఇంట్లోవాళ్ళకి తెరుచుకుని, గుంటూరు వాళ్ళకి తెరుచుకోకపోతే రౌటర్‌లో 25565 పోర్ట్ (బయటివాళ్ళు సర్వర్‌లోకి వచ్చే తలుపు) తెరవాలి. తెరిచినా రాకపోతే రౌటర్ పేజీలో బయటి ఐపీ (ఇంటర్నెట్‌లో మీ ఇంటి చిరునామా) చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే, నెట్ కంపెనీ చాలా ఇళ్ళకి కలిపి ఒకే బయటి ఐపీ వాడుతోందన్నమాట. మీ పోర్ట్ మీ ఇంటి గడప దాటదు. మా నెట్ ఇచ్చే కుర్రాడిని అడిగి, నెలకి కొంత అదనంగా కట్టి స్టాటిక్ ఐపీ (మాకే ఉండే, మారని చిరునామా) తీసుకున్నాం. ఆ రాత్రి తొమ్మిదికి మేనల్లుడు లోపలికొచ్చాడు. రాగానే క్రాఫ్టర్ కింద మళ్ళీ హాపర్ పెట్టాడు.