కొత్తిమీర కోయకముందే పూతకొస్తోందా? తప్పు నెలలో విత్తారేమో

కొన్ని విత్తనాల ప్యాకెట్ల వెనక "గడ్డమంచు పడే రోజులు పోయాక విత్తండి" అని ఉంటుంది. అది చలిదేశాల లెక్క. హైదరాబాద్ మిద్దెల మీద గడ్డమంచు పడదు. మన కుండీల్ని ఎండగొట్టేది మార్చి నుంచి ముదిరే ఎండ. అందుకే విత్తే రోజును ఎండల నుంచి వెనక్కి లెక్కేసుకోవాలి.

సమస్య: కొత్తిమీర నాలుగాకులు వేసి, కాడ లేచి పూస్తోంది.
కారణం: ఫిబ్రవరిలో విత్తడం. వేడి పెరిగి పగలు పొడుగయ్యేకొద్దీ మొక్క ఆకు మానేసి గింజ మీద పడుతుంది. దగ్గరగా చూడండి: కింది ఆకులు వెడల్పుగా ఉండి, పైన వచ్చేవి సోయకూరలా సన్నటి దారాల్లా చీలి ఉంటే పూత దగ్గరపడినట్టే. ఆ కుండీని ఇంక కాపాడలేం, ఆ రోజే కోసి పప్పులో వేసుకోండి.
పరిష్కారం: విత్తిన 40, 45 రోజులకు కోతకొస్తుంది. అంటే చివరి విత్తు సంక్రాంతికల్లా పడిపోవాలి. మొదటిది అక్టోబర్‌లో, వానలు తగ్గాక. అన్నీ ఒకేసారి చల్లొద్దు, 15 రోజులకో కుండీ చొప్పున వేస్తే చలికాలమంతా ఆకు ఉంటుంది. నారు పోసి మార్చొద్దు. వేరు కదిలితే కొత్తిమీర తట్టుకోలేదు.

సమస్య: ధనియాలు మొలవలేదు.
కారణం: చాలాసార్లు పాత గింజ, లేదా తొందర.
పరిష్కారం: ఒక్కో ధనియంలో రెండు గింజలుంటాయి. చపాతీ కర్రతో మెల్లగా ఒత్తి రెండు బద్దలు చేసి, రాత్రంతా నానబెట్టి విత్తండి. మట్టి పదును ఆరనివ్వకండి. పది, పదిహేను రోజులు ఆగాలి. మెంతులైతే వారంలోపే లేస్తాయి.

సమస్య: డిసెంబర్, జనవరిల్లో బేసిల్ (పాస్తా, పిజ్జాల్లో వేసే తులసి జాతి మొక్క) ఆకులు నల్లబడ్డాయి.
కారణం: చలి. రాత్రి 10 డిగ్రీల కిందికి దిగితే బేసిల్ ఓర్చుకోదు. పటాన్‌చెరు, రాజేంద్రనగర్ వైపు ఇది ఎక్కువ.
పరిష్కారం: పగలు ఎండ తగిలే గోడకు ఆనించి పెట్టండి, సాయంత్రం కాకుండా పొద్దున నీళ్లు పోయండి. కొత్త మొక్కల్ని ఫిబ్రవరిలో పెట్టండి.

సమస్య: మే నెలలో పుదీనా మాడిపోతోంది.
పరిష్కారం: మధ్యాహ్నం నీడ ఇవ్వండి, సగం ఎండను ఆపే 50 శాతం షేడ్ నెట్ (నీడ వల) చాలు. పైన మాడినా వేరు బతికే ఉంటుంది, పారేయకండి. మొదలుకంటా కత్తిరించి తడి ఆరకుండా చూస్తే మృగశిర కార్తె చినుకులకు మళ్లీ చిగురేస్తుంది.