గుత్తికొండ బిలం నుంచి ఎత్తిపోతల దాకా: ఇంటిల్లిపాదికీ రెండు రోజుల పల్నాటి ప్రయాణం

గుహలు, జలపాతాలు అనగానే విజయవాడ, గుంటూరు వాసుల మనసు బొర్రా, అరకు వైపు పోతుంది. పసిపిల్లలనూ పెద్దవారినీ వెంటబెట్టుకొని కారులో అంత దూరం వెళ్ళడం కంటే, మన పక్కనే ఉన్న పల్నాడులో రెండు రోజులు తీరికగా తిరగడం మేలని నా అభిప్రాయం.

అసలు ప్రయాణానికి ముందు ఒక ఆదివారం ఉదయం ఉండవల్లి గుహలు చూసి రండి. దగ్గరే కదా అని చాలామంది దానినే పల్నాటి ప్రయాణంలో మొదటి మజిలీగా పెట్టుకుంటారు. పొద్దంతా అక్కడే గడిచిపోయి, ఎత్తిపోతల చేరేసరికి చీకటి పడుతుంది. విడిగా వెళితే, కొండను నాలుగు అంతస్తులుగా తొలిచిన ఆ కట్టడాన్ని నిదానంగా చూడవచ్చు; మెట్లెక్కడానికి తాతయ్య మోకాళ్ళు ఎంతవరకు సహకరిస్తాయో, చీకటి గదిలో అడుగు పెట్టడానికి పిల్లలు జంకుతారో లేదో కూడా అక్కడే తెలిసిపోతుంది. ఎండలోంచి అనంతశయనుడి సన్నిధిలోకి వెళ్ళగానే కళ్ళకు ఏమీ ఆనదు. కాసేపు కదలకుండా నిలబడితే, ఏకశిలలో మలచిన ఆ శయనమూర్తి నిండు రూపం కొద్దికొద్దిగా తేటపడుతుంది. పిల్లల చేత అలా ఓపికగా చూడడం అలవాటు చేయించండి.

ప్రయాణానికి వానాకాలం చివరి నుంచి సంక్రాంతి వరకు అనువైన కాలం. వేసవిలో రెంటచింతల ఎండ సంగతి అందరికీ తెలిసిందే కనుక ఆ నెలల్లో ఈ ఆలోచనే పెట్టుకోవద్దు.

తెల్లవారకముందే బయలుదేరి గుంటూరు, సత్తెనపల్లి మీదుగా పిడుగురాళ్ల చేరి, అక్కడి నుంచి కారెంపూడి వైపు వెళితే గుత్తికొండ బిలం వస్తుంది. పిడుగురాళ్ల పరిసరాల్లో సున్నపు బట్టీలు కనిపించినప్పుడు పిల్లలకు ఒక మాట చెప్పండి: ఉండవల్లిని ఉలితో మనిషి తొలిచాడు, సున్నపురాతి నేలల్లో మాత్రం వాన నీరే పగుళ్ళలోకి ఇంకి, వేల ఏళ్ళపాటు రాతిని కరిగిస్తూ గుహలను తొలుస్తుంది. పల్నాటి యుద్ధం ముగిశాక బ్రహ్మనాయుడు ఈ బిలంలోకే వెళ్ళిపోయాడని ఇక్కడివారి నమ్మకం.

బిలంలో జాగ్రత్త చాలా అవసరం. లోపల దారులు చీలిపోతాయి, నీరు ఉంటుంది, రాయి జారుతుంది. ఫోను వెలుతురును నమ్ముకోకుండా, పెద్దవారు ఒక్కొక్కరూ ఒక్కో టార్చిలైటు పట్టుకోవాలి. ముందు ఒక పెద్ద, వెనుక ఒక పెద్ద, నడుమ పిల్లలు నడవాలి. స్థానికులు తోడు లేకుండా పక్క దారుల్లోకి పోకూడదు. ఉబ్బసం, గుండెజబ్బు ఉన్నవారిని బయట నీడలో కూర్చోబెట్టి, వారి వద్ద ఒకరిని ఉంచండి. లోపల ఎవరికైనా ఊపిరి బరువుగా అనిపిస్తే, ఇంకాస్త దూరమే కదా అని సర్దిచెప్పకుండా అందరూ వెంటనే వెనక్కి రావాలి. పండుగల్లో, ముఖ్యంగా తొలి ఏకాదశికి జనం కిక్కిరిసి ఉంటారు కనుక పిల్లలతో మామూలు రోజునే వెళ్ళండి.

దారిలో కారెంపూడి వీరుల గుడి చూసుకొని, మధ్యాహ్నానికి మాచర్ల చేరండి. ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర, దద్ధ్యోజనం అక్కడే ముగించేస్తే మంచిది, ఎందుకంటే జలపాతం దగ్గర కోతుల ముందు గిన్నె విప్పడం కష్టం.

ఎత్తిపోతల మాచర్ల నుంచి నాగార్జునసాగర్ వెళ్ళే దారిలో ఉంది. చంద్రవంక, నక్కలవాగు, తుమ్మలవాగు కలిసి సుమారు 70 అడుగుల ఎత్తు నుంచి లోయలోకి దూకుతాయి. ఆ నీరు తరువాత కృష్ణలో చేరుతుంది. ఎగువన సాగర్ కుడి కాలువ నీటిని వదులుతుంటారు కనుక వానలు వెనకబడినా ధార కొనసాగుతుంది. ఎదుటి గట్టు మీద కట్టిన వేదిక నుంచి చూస్తే జలపాతం మొత్తం ఒకేసారి కళ్ళకు కడుతుంది, నానమ్మకు అంతకంటే నడక అవసరం లేదు. కింది మడుగులో మొసళ్ళు ఉన్నాయి. స్నానం మాట అటుంచి, కాళ్ళు కడుక్కోవడానికి కూడా నీటి అంచుకు దిగవద్దు. ఈ సంగతి పిల్లలకు కారు దిగకముందే చెప్పాలి.

రాత్రికి ఎత్తిపోతలలో గానీ, 11 కిలోమీటర్ల దూరంలోని సాగర్‌లో గానీ ముందుగా కుదుర్చుకున్న వసతిలో ఉండండి. మరునాడు విజయపురి సౌత్ నుంచి లాంచీలో నాగార్జునకొండకు వెళ్ళవచ్చు. జలాశయంలో మునిగిపోనున్న ఇక్ష్వాకుల నాటి బౌద్ధ కట్టడాలను తవ్వి తీసి, కొన్నింటిని ఆ ద్వీపం మీద, మరికొన్నింటిని జలాశయం ఒడ్డున ఉన్న అనుపులో తిరిగి నిలబెట్టారు. ద్వీపం మీది మ్యూజియానికి శుక్రవారం సెలవు కనుక, గురువారం బయలుదేరే ప్రయాణం పెట్టుకోవద్దు. గాలివానల్లో లాంచీలు ఆపేస్తారు, అప్పుడు అనుపుకు కారులోనే వెళ్ళి రావచ్చు. సాగర్ నుంచి మధ్యాహ్న భోజనం కాగానే బయలుదేరితే, లారీల రద్దీ ఉండే పిడుగురాళ్ల రోడ్డును వెలుతురు ఉండగానే దాటవచ్చు.