స్పిన్‌లో షూ నేలకు పట్టేస్తోందా? పాత సాక్స్ చాలు

హన్మకొండ, కాజీపేట దిక్కు డ్యాన్స్ క్లాసుకు కొత్తగా పోయేటోళ్లు చాలామంది వాకింగ్ షూతోనే దిగుతరు. స్పిన్ కొట్టినప్పుడు రబ్బరు సోల్ మ్యాట్‌ను పట్టేస్తది. పైన ఒళ్లు తిరుగుతది, పాదం తిరగదు. ఆ మెలిక అంతా మోకాలి మీదనే పడుతది. దానికోసం వేరే షూ కొనే పనిలేదు.

పిల్లల స్కూల్ సాక్స్ పాతబడ్డవి ఉంటయి గదా, సాగేవి. మడమకు పైనున్న గొట్టంలోంచి నాలుగు ఇంచులు కత్తిరించండి. రెండు అంచులూ అర ఇంచు మడిచి కుట్టు వేయాలె, లేకుంటే దారాలు లేచి కాళ్లకు చుట్టుకుంటయి. కుట్టినంక మూడు ఇంచుల పట్టీ మిగులుతది. దాన్ని షూ ముందు నుంచి ఎక్కించి, బొటనవేలి మొదట్ల ఉబ్బెత్తుగా ఉండే చోట సోల్ కింద సరిగ్గా కూర్చోబెట్టండి. మడమ రబ్బరును మాత్రం కప్పొద్దు, ఆగడానికి అదే బ్రేకు.

ముందు పావు చుట్టు, తర్వాత సగం, ఆ తర్వాతే పూర్తి స్పిన్. పట్టీ వదులుగుంటే స్పిన్ మధ్యలో పక్కకు జరుగుతది, బిగుతుగున్నదే పెట్టుకోండి.

తడి ఆరని నేల మీద, నున్నటి గ్రానైట్ మీద ఇది అస్సలు వద్దు, జారి పడతరు. ఎగిరి దూకే మాస్ స్టెప్పులకు కూడా తీసేయండి. పేరిణి, కూచిపూడి నేర్చుకునేటోళ్లకు ఈ గోలే లేదు, వట్టి కాళ్లే.