జీపు టాపు కిటికీ మసకబారితే: కత్తెర పట్టే ముందు నీళ్లు పోసి చూడండి

విజయవాడ ఆటోనగర్‌లో జీపులకు గుడ్డ టాపులు కుట్టడం నా పని. థార్ కానీ, జిప్సీ కానీ, పాత మహీంద్రా జీపు కానీ, బండి యజమాని ముందుగా చూపించేది టాపులో కుట్టిన వెనక ప్లాస్టిక్ కిటికీనే. "వెనకొచ్చే లారీ కనిపించడం లేదు, కొత్తది వేసేయండి" అంటారు. వేస్తే నాకు లాభమే. కానీ అలా వచ్చే కిటికీల్లో చాలావాటికి కత్తెర అక్కర్లేదు. మరికొందరు ఎప్పుడో చచ్చిపోయిన షీటుకు సీసాల కొద్దీ పాలిష్ పోసి వస్తారు. ఏది ఏ రకమో తేల్చడానికి ఒక మగ్గు నీళ్లు చాలు.

కిటికీ మీద నీళ్లు పోయండి. తడిగా ఉన్నంతసేపు తేటగా కనిపించి, ఆరగానే మళ్లీ మసకబారితే జబ్బు పైపొరలోనే ఉంది. సన్నని గీతల్లో నీరు నిండడం వల్ల చూపు ఆనిందన్నమాట. అది రుద్దితే పోతుంది. తడిపినా తెల్లగానో పసుపుగానో ఉండిపోతే మసక లోపలిది. ఇది పీవీసీ షీటు. దాన్ని మెత్తగా ఉంచడానికి కలిపిన పదార్థం ఎండకు ఏళ్ల తరబడి బయటికి పోతూ ఉంటుంది. షీటు బిరుసెక్కి, మడత దగ్గర పగులుతుంది. మడత మీద గోటితో తడమండి. పగులు తగిలిందంటే పాలిష్ కొనకండి, కొత్త షీటు కొనండి.

రుద్దే పని ఉదయం పూట, నీడలో పెట్టుకోండి. మన ఎండలో షీటు మెత్తబడి ఉంటే కొత్త గీతలు పడతాయి. ముందుగా షాంపూ నీళ్లు ధారాళంగా పోస్తూ అరచేత్తోనే దుమ్ము కడగండి. పొడిగుడ్డతో తుడిచే అలవాటే ఈ గీతల్లో సగానికి మూలం. చుట్టూ కుట్టు మీద మాస్కింగ్ టేపు అంటించండి. లోపల ఒక మనిషి తువ్వాలు చుట్టిన చెక్కను ఆనించి పట్టుకోవాలి. వెనక ఆనిక లేకుండా రుద్దితే షీటు ఊగుతుంది, కుట్టు లాగుతుంది.

మసక పల్చగా ఉంటే ప్లాస్టిక్ పాలిష్ ఒక్కటే సరిపోతుంది. గీతలు చేతికి తగిలేలా ఉంటేనే వాటర్ పేపరు, అంటే తడిపి రుద్దే గరుకు కాగితం, తీయండి: ముందు 2000 నంబరు, తర్వాత 3000. రెండూ సబ్బునీటిలో నానాలి. మొదటిది అడ్డంగా, రెండోది నిలువుగా రుద్దండి. అడ్డగీత ఒక్కటి కూడా కనిపించకుండా పోయేవరకు రెండోదాన్ని ఆపవద్దు. తర్వాత సన్నరకం కాంపౌండు (గీతలు అరగదీసే ముద్ద), చివర పాలిష్, రెండింటికీ మెత్తని మైక్రోఫైబర్ గుడ్డ. డ్రిల్లుకు బఫ్ (పాలిష్ పట్టే మెత్తని బిళ్ల) తగిలించి తిప్పారంటే వేడికి షీటు ఒకచోట కరిగి కూర్చుంటుంది. చేత్తోనే చేయండి. లోపలి వైపు మరిచిపోయి, "ఇంకా మసకగానే ఉంది" అనేవాళ్లు చాలామంది. రెండు వైపులా చేయాలి.

పెట్రోలు, థిన్నర్, అమోనియా కలిసిన గ్లాస్ క్లీనర్ దగ్గరికి రానివ్వకండి. టూత్‌పేస్టును పళ్లకే ఉంచండి.

ఇక మార్చాల్సి వస్తే, వెనక కిటికీకి ఒక మిల్లీమీటరు మందం షీటు తీసుకోండి. మడతపెట్టి ఉంచింది వద్దు, చుట్ట నుంచి కోయించుకోండి. షీటు పట్టుకుని అందులోంచి ట్యూబులైటు చూడండి. లైటు వంకర్లు పోతే ఆ షీటు దుకాణంలోనే వదిలేయండి. దాని వెనక కనిపించే బండ్లూ అలాగే వంకర్లు పోతాయి.

చాలామంది బండి మీంచి టాపు దించగానే పాత కిటికీ కోసేస్తారు. అప్పుడు గుడ్డ సాగి, చట్రం ఆకారం పోతుంది, కొత్తది ఎంత కొలిచినా ముడత పడుతుంది. పాతది అలాగే ఉండనివ్వండి. కొత్త షీటును చుట్టూ అంగుళం ఎక్కువగా కోసి, కాసేపు ఎండలో పరచి మెత్తబడనిచ్చి, లోపలి వైపు నుంచి పాతదాని మీద పరవండి. గుండుసూదులు వద్దు, ప్లాస్టిక్‌లో పడ్డ రంధ్రం పూడదు. బట్టలు ఆరేసే క్లిప్పులు పెట్టండి. పాత కుట్టు వెంబడే కొత్త కుట్టు వేసి, ఆ తర్వాత బయటి నుంచి పాత షీటును కుట్టుకు అర సెంటీమీటరు వదిలి కోయండి. రెండింటి మధ్య ఒక అట్టముక్క జరుపుతూ కోస్తే కత్తి కొత్తదానికి తగలదు.

కుట్టు పొడుగ్గా, నాలుగైదు మిల్లీమీటర్లకు ఒకటి పడాలి. దగ్గర దగ్గరగా వేస్తే తపాలా బిళ్ల అంచులా ఆ గీత వెంబడే చిరుగుతుంది. దారం పాలిస్టర్ది వాడండి, నూలుదారం వానకు కుళ్లిపోతుంది. మిషను పాదం ప్లాస్టిక్‌కు అతుక్కుంటుంటే కొంచెం టాల్కం పౌడరు చల్లండి. ఇంట్లో జాకెట్లు కుట్టే మిషను మీద ఈ పని పెట్టకండి, సూదులు విరగడం తప్ప ఏమీ ఉండదు. కుట్టు పూర్తయ్యాక దాని మీద మైనం రుద్దితే సూది రంధ్రాల్లోంచి వాన కారదు.

కొత్తది వేశాక టాపు దించే ప్రతిసారీ కిటికీ మడత మధ్య పాత నూలు దుప్పటి పెట్టండి. అమెరికాలో ఉన్న మా మేనల్లుడి దగ్గర తొంభైల నాటి మాజ్డా మియాటా అనే గుడ్డ టాపు కారు ఉంది. దాని కిటికీకి జిప్పు ఉంటుంది. టాపు దించే ముందు జిప్పు తీసి కిటికీని చదునుగా పడుకోబెట్టాలి. అక్కడి చలికాలంలో అసలు మడవవద్దని చెప్పాను, చలికి బిరుసెక్కిన షీటు పటుక్కున విరుగుతుంది. మనకు ఆ బాధ లేదు, మన బాధ ఎండతోనే. మే నెలలో కాలిన టాపు చట్రం ఇనుప కమ్మీ ప్లాస్టిక్‌ను తాకితే గోధుమరంగు చార పడుతుంది, దాన్ని ఏ పాలిష్ పోగొట్టలేదు. కమ్మీలు తాకేచోట గుడ్డ పట్టీ చుట్టించుకోండి. టాపు కుట్టే ఎవరినడిగినా పది నిమిషాల్లో చుట్టి ఇస్తారు.