కర్రల బాయిలర్ పక్కన గ్యాస్ గీజర్ – పాఠం 4: ఎయిర్ పైపు గొడవ

ఈసారి గీజర్ కలుపుదామనుకున్నాం కానీ పోయిన పాఠంలో చెప్పిన ఎయిర్ పైపు (బాయిలర్ నుంచి ట్యాంకు నీటిమట్టం దాటి పైకి లేచే, కొస ఎప్పుడూ తెరిచి ఉండే పైపు) దగ్గరే సగం మంది ఆగిపోయారు. కొరాపుట్ లాడ్జి వాళ్లు, సునాబెడ హాస్టల్ వాళ్లు, రాయగడ నుంచి ఇంకొకరు, అందరిదీ ఒకటే ఫిర్యాదు: పైపు కొస నుంచి వేడినీళ్లు కారుతున్నాయి. కారితే కారనివ్వండి, నా కోపం దానికి మీరు చేసిన వైద్యం మీద. ఒకరు బాల్ వాల్వ్ బిగించారు. ఒకరు ఎండ్ క్యాప్ కొట్టారు. ఇంకొకరు సాలూరులో షాపతను చెప్పాడని నీళ్లను ఒకవైపే పోనిచ్చే వాల్వ్, అదే ఎన్‌ఆర్‌వీ పెట్టారు. తొండలు దూరుతున్నాయని గుడ్డ కుక్కినవారూ ఉన్నారు. అవన్నీ పీకేదాకా పొయ్యి వెలిగించొద్దు. ఇప్పటికే వెలిగి ఉంటే పూర్తిగా చల్లారాకే చెయ్యి పెట్టండి.

గీజర్‌కు నాబ్ తిప్పితే మంట ఆరిపోతుంది. కర్రల పొయ్యికి ఆ సౌకర్యం లేదు. కర్రలు లాగేసినా కింది నిప్పులు చాలాసేపు కాగబెడుతూనే ఉంటాయి. ఆ వేళకు కుళాయిలన్నీ కట్టేసి ఉంటే ఉబ్బిన నీళ్లు ఎటు పోవాలి? లీటరు నీళ్లు ఆవిరైతే దాదాపు 1,600 లీటర్ల చోటు కావాలి. మూతిబిగించిన బాయిలర్ అంటే విజిల్ కట్టేసిన కుక్కరే. "మాది చిన్న మంటేనండీ, వంద డిగ్రీలకు రాదు" అంటారు. కొరాపుట్ సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ నీళ్లు మరగడానికి 97 చాలు. సేఫ్టీ వాల్వ్ ఉంది కదా అంటారా, తప్పకుండా ఉండాలి. కానీ సున్నపు నీళ్లకు అది పట్టేస్తుంది. తెరిచి ఉన్న పైపులో పట్టేయడానికి ఏమీ లేదు.

ఇక కారడం ఎందుకంటే, వేడినీళ్లు చన్నీళ్లకన్నా తేలిక. ట్యాంకు నుంచి దిగే చన్నీళ్ల బరువును నిలబెట్టాలంటే ఎయిర్ పైపులో వేడినీళ్లు ఇంకాస్త ఎత్తుకు లేవాలి. మరిగేటప్పుడు మీటరుకు దాదాపు 4 సెంటీమీటర్లు లేస్తాయి. బాయిలర్ అడుగు నుంచి ట్యాంకు నీటిమట్టం 5 మీటర్లనుకోండి, 20 సెంటీమీటర్లు. దాని మీద జాగ్రత్తకు 15 కలపండి. అంటే నీటిమట్టం మీద 35 సెంటీమీటర్లు, పద్నాలుగు అంగుళాలు. మీలో చాలామంది నాలుగంగుళాలే వదిలారు. అందుకే సాయంత్రం గోరువెచ్చగా ఉన్నప్పుడు కారక, తెల్లవారుజామున పొయ్యి రగిలించాక కారుతోంది. ఎత్తు మూడు మీటర్లయితే 12, 15 కలిపి 27 సెంటీమీటర్లు. ట్యాంకు నిండా ఉన్నప్పటి మట్టం నుంచి కొలవండి, సగం ఖాళీ అయ్యాక కాదు.

పైపు అంగుళం జీఐ, అంటే జింకు పూత ఇనుపది. బాయిలర్ దగ్గర సీపీవీసీ ప్లాస్టిక్ పైపు నేను వాడను, ఎవరెంత చెప్పినా. కొస కిందికి వంచి, నీళ్లలో మునగకుండా, బాయిలర్ కోసమే పెట్టిన చిన్న స్టీలు ట్యాంకు మీదికి తిప్పండి. డాబా మీది ప్లాస్టిక్ ట్యాంకులోకి మాత్రం వద్దు, మరిగే నీళ్లు పడితే అది మెత్తబడి కూలుతుంది. తొండలకు పెద్ద కన్నాల జాలీ చాలు. స్టీలు ట్యాంకు నుంచి బాయిలర్‌కు వచ్చే చన్నీళ్ల లైనులో వాల్వ్ తప్పనిసరి అనిపిస్తే పెట్టుకోండి, హ్యాండిల్ మాత్రం ఊడదీసి బీరువాలో దాచండి. లాడ్జిలో కొత్తగా చేరిన కుర్రాడు ఏది దొరికితే అది తిప్పుతాడు.

గీజర్ సంగతి క్లుప్తంగా. బాయిలర్ వేడినీటి లైను, గీజర్ వేడినీటి లైను విడివిడిగా వచ్చి ఒక టీ (మూడు దారుల జాయింటు) దగ్గర కలవాలి, ఒక్కోదానికి ఒక ఎన్‌ఆర్‌వీ. బాయిలర్ ఎన్‌ఆర్‌వీ ఎయిర్ పైపు టీ దాటాకే. కాగిన నీళ్లు గీజర్ ఇన్‌లెట్‌లోకి వెళ్లకూడదు. పొయ్యి వెలిగిన పూట గీజర్ చన్నీళ్ల వాల్వ్ కట్టేయండి, లేకపోతే కుళాయి తిప్పినప్పుడల్లా అదీ అంటుకుని గ్యాస్ దండగ. రెండింటికీ ఒకే పొగగొట్టం పెట్టొద్దు, రెండూ ఒకే గదిలో ఉంచొద్దు. పొయ్యి గాలి లాగుతుంది, ఆ లాగుడుకు గీజర్ పొగ గదిలోకే తిరిగొస్తుంది. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. సిలిండర్‌లోని గ్యాస్ గాలికన్నా బరువు, లీకైతే నేలమీదే పారుతుంది. కాబట్టి సిలిండర్ పొయ్యివైపు పల్లంలో ఉండకూడదు. లీకు అనుమానమొస్తే 1906కు ఫోన్ చేయండి.

అభ్యాసం: పొయ్యి వెలిగించకుండా నీళ్లు నింపండి. బాయిలర్ నుంచి ఎయిర్ పైపు కొస దాకా వేలితో తడుముతూ వెళ్లండి. దారిలో హ్యాండిల్ గానీ, ఎన్‌ఆర్‌వీ గానీ, క్యాప్ గానీ తగిలితే మళ్లీ మొదటికి. ఎత్తు టేపుతో కొలిచి, పైన లెక్కకు సరిపోయిందో గోడ మీద బొగ్గుతో రాసుకోండి. తర్వాత రెండే రెండు ఎండు కర్రలతో చిన్న మంట వేసి, కుళాయిలన్నీ కట్టేసి, పది నిమిషాలకోసారి థర్మామీటర్ చూస్తూ 60 డిగ్రీల దాకా రాసుకోండి. 60 దాటగానే కర్రలు లాగేయండి. ఆ తర్వాత ఇంకెంత పెరిగిందో కూడా రాయండి, నాకు కావలసింది ఆ అంకె. అది లేకుండా పాఠం 5కు రావద్దు.