పాత జాతకంలో తిథి మాత్రమే ఉంటే

నాయనమ్మ జాతకంలో "ప్రమోదూత నామ సంవత్సర మాఘ బహుళ తదియ" అని ఉంది గానీ ఇంగ్లీషు తేదీ లేదు. వంశవృక్షం సైట్లేమో తేదీ అడుగుతాయి.

సంవత్సరాల పేర్లు 60 ఏళ్లకోసారి తిరిగొస్తాయి. ప్రమోదూత 1990 ఉగాదికి మొదలైంది, 60 తీసేస్తే 1930. మాఘం వచ్చేసరికి ఇంగ్లీషు ఏడాది మారిపోతుంది కాబట్టి చూడాల్సింది 1931. దృక్ పంచాంగం సైట్లో పుట్టిన ఊరు పెట్టి, ఆ ఫిబ్రవరి తెరిచి బహుళ తదియ ఏ రోజో చూడండి. జాతకంలోని వారంతో కలిస్తే అదే తేదీ.

తెల్లవారుజామున పుట్టినవాళ్లతోనే తిరకాసు. మన లెక్కలో వారం సూర్యోదయానికి మారుతుంది. "సోమవారం రాత్రి మూడు గంటలకు" అని రాసుంటే అది ఇంగ్లీషు లెక్కలో మంగళవారం. నేను మొదట ఇక్కడే బోల్తా పడ్డాను.