ఎంజీబీఎస్‌లో దిగగానే ఆటో ఎక్కేయకండి

ఊరి నుంచి ఫస్ట్ టైమ్ హైదరాబాద్ వచ్చేవాళ్లకి ఒక్క మాట. ఎంజీబీఎస్‌లో, అంటే మహాత్మా గాంధీ బస్టాండులో, బస్సు దిగీ దిగగానే ఆటోవాళ్లు చుట్టుముట్టి, ఎక్కడికన్నా, ఎక్కడికమ్మా అని బ్యాగు లాక్కునేంత పని చేస్తారు, కంగారుపడి ఎక్కేయకండి. పక్కనే మెట్రో స్టేషన్ ఉంది, మియాపూర్, ఎల్‌బీ నగర్ వెళ్లే రెడ్ లైన్, జేబీఎస్ (సికింద్రాబాద్‌లోని జూబ్లీ బస్టాండు) వెళ్లే గ్రీన్ లైన్ రెండూ అక్కడే ఎక్కొచ్చు, హైటెక్ సిటీ వైపైతే అమీర్‌పేటలో దిగి బ్లూ లైన్‌కి మారాలి. కానీ సాయంత్రం ఆఫీసులు వదిలే టైమ్‌లో అమీర్‌పేట జోలికి పోకండి, పిల్లలూ పెద్దవాళ్లూ వెంట ఉంటే అస్సలొద్దు, ఆ తోపులాటకే ఓపికంతా అయిపోతుంది.

ఇంకోటి, సాలార్‌జంగ్ మ్యూజియం శుక్రవారం సెలవు, చాలామంది తెలీక గేటు దాకా వెళ్లి ఉసూరుమంటూ తిరిగొస్తారు. మిగతా రోజుల్లో వెళ్తే మాత్రం అక్కడి పాత గడియారం మిస్ అవ్వద్దు, గంట గంటకీ చిన్న బొమ్మ బయటికొచ్చి గంట కొడుతుంది. మధ్యాహ్నం పన్నెండుకైతే పన్నెండుసార్లు కొడుతుంది కాబట్టి జనం ఎక్కువ, పదకొండూ ముప్పావుకే వెళ్లి పిల్లలకి కనపడేలా ముందు చోటు పట్టుకోండి.